మిషన్ రంపం చివర కొనండి

చెట్లు కొట్టే పనిలోకి కొత్తగా దిగేవాళ్లు మొట్టమొదట కొనేది మిషన్. చేతిలో ఉన్న డబ్బంతా చైన్ సా మీద పెట్టేసి, తాడు దగ్గరికి వచ్చేసరికి హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన అమ్మే నీలం ప్లాస్టిక్ తాడుతో సరిపెట్టుకుంటారు. తలకు బైకు హెల్మెట్, అదీ లేకపోతే తువ్వాలు. కాళ్లకు చెప్పులు. నా సలహా ఈ వరసకు పూర్తిగా తలకిందులు. ముందు తాడు, బెల్టు, హెల్మెట్, కాళ్లకు రక్షణ కొనండి. తర్వాత ఒక మంచి చేతి రంపం. మిషన్ అన్నిటికన్నా చివర.

ప్రాణభయం ఒక్కటే కాదు, ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. మిషన్ రోజు అద్దెకు దొరుకుతుంది. పని తగిలిన రోజున తెచ్చుకుని సాయంత్రం ఇచ్చేయవచ్చు. తాడును అలా తెచ్చుకోలేం. ఎవరో వాడిన తాడు ఎంత బరువు మోసిందో, ఏ ఎండలో పడి ఉందో, దాని మీద బ్యాటరీ యాసిడ్ చిందిందో లేదో మనకు తెలియదు. పైకి కొత్తదానిలా కనిపించే తాడు లోపల చచ్చిపోయి ఉండవచ్చు. అందుకే ఎక్కే తాడు, ఎక్కే బెల్టు సొంతవై ఉండాలి. వాటిని ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇంకొకరి దగ్గర తీసుకోకూడదు.

తాడు గురించి కాస్త వివరంగానే చెప్పాలి. నీలం, పసుపు రంగుల్లో దొరికే ఆ చవక తాళ్లు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. అది సుమారు 165 డిగ్రీల వేడికే కరుగుతుంది. తాడు మీద జారుతూ దిగేటప్పుడు ముడి దగ్గర పుట్టే రాపిడి వేడి తక్కువేమీ కాదు. పైగా ఎండకు ఆ దారం పెళుసెక్కి, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. మన ఎండల్లో అది మనిషి బరువు మోసే వస్తువు కానే కాదు. నరికిన కొమ్మల మోపు కట్టడానికి వాడుకోండి, అంతవరకే. చెట్టు ఎక్కడానికి లోపల గుజ్జు దారాలు, పైన అల్లిన తొడుగు ఉండే తాడు కావాలి. పాలిస్టర్ తొడుగైతే 250 డిగ్రీలు దాటేదాకా కరగదు. మందం 11 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువ సాగని తాళ్లకు ఈఎన్ 1891 అనే యూరప్ ప్రమాణం ఉంది. అందులో ‘ఎ’ రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్ల బలాన్ని, అంటే రెండు టన్నులకు పైగా బరువును తట్టుకోవాలి. ఆ నంబరు తాడు చివర లేబుల్ మీద ఉంటుంది. లేబుల్ లేని తాడును దుకాణదారు ఎంత పొగిడినా కొనకండి.

తాడును రోజూ ఎక్కే ముందు చూడాలి. చూడటమంటే చుట్ట మీద ఓ చూపు వేయడం కాదు. ఒక చివర నుంచి మొదలుపెట్టి, గ్లోవ్స్ లేకుండా, వేళ్ల మధ్య నుంచి జానెడు జానెడుగా లాగుతూ పోవాలి. ప్రతి అడుగు దగ్గరా చిన్న ఉంగరంలా వంచాలి. మంచి తాడు అంతటా ఒకే గుండ్రటి వంపు తిరుగుతుంది. ఎక్కడైనా వంపు నలిగి ముడుచుకుపోయిందంటే లోపలి గుజ్జు దెబ్బతిన్నట్టు. చేతికి గట్టి గడ్డ తగిలినా, సన్నబడి మెత్తగా అనిపించినా అంతే. పైతొడుగు గాజులా నిగనిగలాడుతుంటే అక్కడ దారం కరిగింది. పైన కాస్త నూగు లేవడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. తొడుగు తెగి లోపలి తెల్ల దారం కనిపిస్తే మాత్రం ఆ తాడుతో ఇక ఎక్కకూడదు. ఎక్కడానికి పనికిరాని తాడును షెడ్డులో మూల పడేయకండి. రెండు మూడడుగుల ముక్కలుగా కోసేయండి. లేకపోతే తొందరగా ఉన్న రోజున ఎవరో ఒక కుర్రాడు అదే తీసుకుని ఎక్కేస్తాడు.

తాడుకు పట్టిన మట్టి, ఇసుక లోపలికి దిగి దారాలను కోస్తూనే ఉంటాయి. మాసినప్పుడు గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతికి, నీడలో ఆరేయాలి. ఎండలో ఆరబెట్టకూడదు, బ్లీచింగ్ తగలనివ్వకూడదు. వానాకాలం తడి తాడును సంచిలో కుక్కేస్తే బూజు పడుతుంది. ఇక పెట్రోలు డబ్బా, బ్యాటరీ, తాడు మూడూ ఒకే ఆటో ట్రాలీలో ఒకదాని మీద ఒకటి వేసుకుని వెళ్లడం మన దగ్గర చాలా ఎక్కువ. చాలా తాళ్లలో ఉండే నైలాన్‌ను యాసిడ్ తినేస్తుంది, పైకి మచ్చ కూడా కనిపించకపోవచ్చు. తాడుకు విడిగా మూత ఉన్న సంచి పెట్టుకోండి. కొన్న తేదీ ఆ సంచి మీదే మార్కర్‌తో రాయండి. ఎంత జాగ్రత్తగా వాడినా, బట్ట, దారంతో చేసిన సామాను తయారైన పదేళ్లకు పక్కన పెట్టేయమని చాలా కంపెనీలు చెబుతాయి. రోజూ పనిలో ఉండే తాడుకు అంత ఆయుష్షు ఉండదు. మరో మాట. కొమ్మలు దింపే తాడు వేరు, మనిషి ఎక్కే తాడు వేరు. ఒక్కసారి బరువైన దుంగ ఝాడించి లాగిన తాడు మనిషిని మోయడానికి పనికిరాదు. రెంటికీ వేర్వేరు రంగులు కొంటే ఎవరూ పొరబడరు.

ఇక బెల్టు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి మార్కెట్లలో సేఫ్టీ బెల్టు అడిగితే బిల్డింగు పనివాళ్లకు అమ్మే బెల్టు చేతిలో పెడతారు. దాని కొక్కెం వీపు మీద ఉంటుంది. మన దేశంలో దానికి ఐఎస్ 3521 ప్రమాణం ఉంది, వస్తువు మంచిదే. కాకపోతే పడిపోయిన మనిషిని మధ్యలో ఆపడానికి చేసినది అది, దానిలో వేలాడుతూ పని చేయడానికి కాదు. వీపు మీది కొక్కేనికి కదలకుండా వేలాడితే తొడల దగ్గర పట్టీలు బిగుసుకుని కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. చెట్టు పనికి కావలసింది కూర్చునే బెల్టు. నడుముకు, రెండు తొడలకు వెడల్పాటి మెత్తని పట్టీలు, పక్కల రెండు రింగులు, ముందు తాడు తగిలించే చోటు ఉండాలి. కొనేముందు దుకాణంలోనే దూలానికి కట్టి పది నిమిషాలు అందులో కూర్చుని చూడండి. తొడలు తిమ్మిరెక్కితే అది మీ సైజు కాదు. కుదరదనే దుకాణంలో కొనవద్దు.

మన తాటివనాల్లో గీత కార్మికులు తరతరాలుగా మోకు, ముస్తాదుతో ఎక్కుతున్నారు. ఆ నేర్పు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయినా చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఆ ఊళ్లన్నిటా ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ‘కాటమయ్య రక్ష’ పేరుతో వాళ్లకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. అయితే తాటి, ఈత చెట్లకు నిటారు కాండమే తప్ప కొమ్మలుండవు. కాండాన్ని చుట్టి పైకి జరుపుకుంటూ పోయే పట్టీ అక్కడ పనిచేస్తుంది. వేప, నిద్రగన్నేరు, తురాయి చెట్లలో ప్రతి పంగ దగ్గరా ఆ పట్టీ విప్పి పైన మళ్లీ కట్టుకోవాలి. విప్పిన ఆ క్షణంలో మనిషికి ఆధారం ఉండదు. కాబట్టి కొమ్మలున్న చెట్టుకు ఎప్పుడూ రెండు ఆధారాలు కావాలి. పైకి వేసిన ప్రధాన తాడు ఒకటి, నడుముకు ఉండే పొట్టి పట్టీ ఒకటి. ఒకటి విప్పే ముందు రెండోది బిగిసి ఉండాలి. మిషన్ చేతిలోకి తీసుకున్నప్పుడు రెండూ బిగించే ఉండాలి, ఎందుకంటే చైన్ పొరపాటున తాడుకు తగిలితే రెప్పపాటులో తెగిపోతుంది. నడుము పట్టీలో ఉక్కు తీగ ఉన్న రకం దొరుకుతుంది. కోతకు కాస్త ఓర్చుకుంటుంది గానీ కరెంటు వైర్ల దగ్గర అదే ప్రాణాంతకం.

హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ తప్పనిసరి. తల వంచగానే జారిపోయే బిల్డింగు టోపీ చెట్టు మీద దండగ. చెవులకు మూతలు, కళ్లకు జాలీ లేదా అద్దాలు కూడా కావాలి. చైన్ సా శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవుడు ఎప్పుడు మొదలైందో తెలియకుండానే వస్తుంది. కోత తగలని ప్యాంటు గురించి చాలామందికి తెలియదు. అందులో పొరలు పొరలుగా పొడవాటి నార ఉంటుంది. చైన్ తగలగానే ఆ నార బయటికి లాగబడి, చైన్‌ను తిప్పే చక్రంలో చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో అది వేసుకోలేమంటారు, నిజమే. కింద పనిచేసేవాళ్లకు కాళ్ల ముందువైపు మాత్రమే కట్టుకునే రకం ఉంది, గాలి ఆడుతుంది. చెట్టు మీద కాలు ఏ కోణంలోనైనా ఉంటుంది కాబట్టి చుట్టూ రక్షణ ఉన్నదే మేలు. ఎండలు ముదిరిన రోజుల్లో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా మిషన్ పని ముగించేయండి. ఎండ కోసం పని వేళ మార్చుకోండి గానీ ప్యాంటు విప్పకండి.

చేతి రంపానికి మన దగ్గర అందాల్సిన గౌరవం అందడం లేదు. కాలనీల్లో దొరికే పనిలో పెద్ద భాగం డాబా మీదికి వాలిన కొమ్మలు, కిటికీకి తగిలే రెమ్మలు. మణికట్టు మందం కొమ్మల వరకు, వంపు తిరిగిన, లాగితే కోసే రంపం చకచకా పని చేస్తుంది. పెట్రోలు లేదు, చప్పుడు లేదు, ఎగిరి ముఖానికి కొట్టదు. కోత కూడా నున్నగా వస్తుంది కాబట్టి చెట్టు గాయం త్వరగా మూసుకుంటుంది. కత్తితో నరికితే కొమ్మ చీలి బెరడు కిందిదాకా ఊడి వస్తుంది, అక్కడే కుళ్లు మొదలవుతుంది. రంపం పళ్ల మొనలు నీలంగా మెరుస్తుంటే వాటిని వేడిచేసి గట్టిపరిచారని అర్థం. వాటిని ఆకురాయి తీసుకోదు, మొద్దుబారితే బ్లేడు మార్చాల్సిందే. బ్లేడు విడిగా దొరికే కంపెనీదే కొనండి. సాయంత్రం జిగురు తుడిచి రెండు చుక్కల నూనె రాస్తే చాలా కాలం వస్తుంది. 2021 తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోవడం అందరూ చూశారు. అది ఫంగస్ తెగులు. అలాంటి చెట్టు కొమ్మలు కొట్టాక రంపాన్ని స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో చెట్టు మీద పెట్టకండి.

ఇప్పుడు మిషన్. ఆన్‌లైన్‌లో 58 సిసి, 22 అంగుళాల బార్ అంటూ ఆరేడు వేలకు అమ్మే మిషన్లు బోలెడు. ఎక్కువ సిసి, పొడవైన బార్ చూసి మురిసిపోవద్దు. కొమ్మల పనికి 30 నుంచి 40 సిసి, 14 లేదా 16 అంగుళాల బార్ సరిపోతుంది. బరువైన మిషన్ పట్టుకున్న చేయి గంటకే అలసిపోతుంది, అలసిన చేతిలో మిషన్ అదుపు తప్పుతుంది. కొనేటప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ముందు పిడికి అడ్డంగా ఉండే చైన్ బ్రేక్ చప్పున పడుతోందా. వెనక పిడి మీద ఉండే లాక్ నొక్కకుండా యాక్సిలరేటర్ కదలకూడదు. చైన్ తెగితే పట్టుకునే చిన్న కొక్కెం కింద ఉందా. పిడికీ ఇంజనుకూ మధ్య అదురు తగ్గించే రబ్బర్లు గానీ స్ప్రింగులు గానీ ఉన్నాయా. ఆ తర్వాత దుకాణదారును అడగాల్సింది ఒక్కటే: దీని బార్, చైన్, క్లచ్ డ్రమ్ రేపు నాకు ఎక్కడ దొరుకుతాయి? జవాబు నీళ్లు నమిలినట్టుంటే బయటికి వచ్చేయండి. పైన ఒక్కటే పిడి ఉండే చిన్న మిషన్లు చెట్టు మీద పనికోసం చేసినవి, శిక్షణ ఉన్నవాళ్ల కోసం చేసినవి. తేలికగా ఉంది కదా అని దాన్ని ఒక చేత్తో తిప్పడం మన దగ్గర గొప్పగా చూస్తారు. బార్ మూతి పైభాగం ఏ కొమ్మకైనా తగిలితే మిషన్ వెనక్కి తన్ని నేరుగా మెడ మీదికి వస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటేనే దాన్ని కాస్తయినా ఆపగలం. నిచ్చెన మీద నిలబడి మిషన్ వాడటం మానేయాలి, దానికి మినహాయింపు లేదు.

మిషన్‌ను బతికించేది చైన్ పదును. కోత ఎలా ఉందో కింద పడే పొట్టు చెబుతుంది. పదునైన చైన్ చిన్న చిన్న పేళ్లు విసురుతుంది, మొద్దు చైన్ పిండి రాలుస్తుంది. పిండి రాలుతుంటే మనిషి మిషన్‌ను నొక్కడం మొదలుపెడతాడు. బార్ వేడెక్కుతుంది, క్లచ్ కాలుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. కాబట్టి పెట్రోలు పోసే ప్రతి రెండోసారీ చైన్‌కు ఆకురాయి పెట్టే అలవాటు చేసుకోండి. చిన్న మిషన్లకు వచ్చే మూడు బై ఎనిమిది లో-ప్రొఫైల్ చైన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పాయింట్ 325 చైన్‌కు 4.8 మిల్లీమీటర్లది. సాధారణంగా 30 డిగ్రీల వాలు, చాలా చైన్లలో ఆ గీత పంటి మీదే ఉంటుంది. లోపలి నుంచి బయటికి తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. ఒక పంటికి మూడు తోపులైతే అన్నిటికీ మూడే. అటువైపు పళ్లు పొడుగ్గా, ఇటువైపు పొట్టిగా ఉంటే కోత నిటారుగా పోక వంకర తిరుగుతుంది. పంటి ముందు ఉండే గుబ్బ, దాన్ని గేజ్ అంటారు, పంటి కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. తొందరగా కోస్తుందని దాన్ని మరీ అరగదీస్తే మిషన్ ప్రతి కోతకూ తన్నుతుంది. షాపులో గ్రైండర్ పెట్టించినప్పుడు పళ్లు నీలంగా మారి ఉంటే ఆ ఉక్కు కాలి మెత్తబడినట్టే. డబ్బు ఇచ్చే ముందు అక్కడే చూసుకోండి.

పెట్రోలు విషయంలో కాలం మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బాగా తేమ చేరితే నీళ్లు, ఇథనాల్ కలిసి డబ్బా అడుక్కి దిగుతాయి, మనం కలిపే 2టీ ఆయిల్ పైన పెట్రోలులో ఉండిపోతుంది. మిషన్ పీల్చేది అడుగు నుంచే. అంటే నూనె లేని నీళ్ల మందు ఇంజనులోకి వెళ్తుంది, పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటర్‌లోని పల్చటి రబ్బరు పొర కూడా ఇథనాల్‌కు గట్టిపడుతుంది. చేత్తో సెట్ చేసుకునే కార్బొరేటర్ ఉన్న మిషన్లలో చాలావాటికి 10 శాతం దాటకూడదని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. మీ మిషన్ పుస్తకం తీసి చూడండి, లేదా సర్వీస్ సెంటర్లో అడగండి. రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. కంపెనీ చెప్పిన మంచి 2టీ ఆయిల్‌తో 50కి 1 పాళ్లయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కంటిచూపుతో పోయకుండా కొలత గ్లాసు వాడండి. వారం పైన పని లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి.

చైన్‌కు కాలిన ఇంజను ఆయిల్ పోయడం మానుకోండి. అందులో లోహపు పొడి ఉంటుంది, బార్ గాడిని అదే అరగదీస్తుంది. మీ చేతులకూ, ఆ చెట్టు కింద నేలకూ మంచిది కాదు. నూనె అందుతోందో లేదో చూడటం తేలిక. మిషన్ నడుపుతూ బార్ మూతిని తెల్ల కాగితం మీద జానెడు ఎత్తున పట్టుకోండి, సన్నని నూనె గీత పడాలి. పడకపోతే బార్ విప్పి గాడిలోని ముద్ద, నూనె రంధ్రం శుభ్రం చేయండి. బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. రెండు చైన్లు అరిగాక చక్రం కూడా మార్చాలి, పాత చక్రం కొత్త చైన్‌ను పాడుచేస్తుంది. పని అయ్యాక చైన్ కాస్త వదులు చేయండి, వేడి తగ్గి బిగుసుకుంటే ఇంజను షాఫ్టు మీద బరువు పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి.

కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖలో రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయాయి. అలాంటి రోజుల్లో పని ఎంతైనా ఉంటుంది, సామాను మాత్రం దొరకదు. చైన్లు, ఆకురాళ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఫిల్టర్లు సెప్టెంబరులోనే తెచ్చి పెట్టుకోండి. వేళ్లతో లేచిన చెట్టు మొదట్లో మట్టి, ఇసుక ఉంటాయి. దాని మీద చైన్ క్షణాల్లో మొద్దుబారుతుంది. మొదలు దగ్గర ముందు పారతో, బ్రష్‌తో శుభ్రం చేసి, పాత చైన్ వేసి కోయండి. కరెంటు వైరు మీద వాలిన కొమ్మ దగ్గరికి మాత్రం ఏ సామానుతోనూ వెళ్లవద్దు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, సరఫరా ఆగిందని మీ ముందు చెప్పేవరకు ఆగండి. తడి కొమ్మ, అల్యూమినియం కర్ర, ఉక్కు తీగ పట్టీ అన్నీ కరెంటును మోసుకొచ్చేవే.

కింద ఉండే మనిషికి కూడా ఒక బెల్టు, ఒక తాడు ఉండాలి, ఎక్కడం రావాలి. పైన మనిషి స్పృహ తప్పితే 108 వచ్చినా అంబులెన్స్ సిబ్బంది చెట్టు ఎక్కరు. రక్తం ఆపే గట్టి కట్టు పైన మనిషి జేబులోనూ, కింద సంచిలోనూ ఉంచండి. ఏటా 20 రూపాయల ప్రీమియంతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో మీ మనుషులందరినీ చేర్పించండి, దానికి బ్యాంకు ఖాతా ఉండాలి.

ఇదంతా ఖర్చే. ఈ ఖర్చును మన జేబులోంచి పెట్టుకుంటున్నామనుకోవడం వల్లే ఎగ్గొడుతున్నాం. చైన్, ఆకురాయి, నూనె, తాడు అరుగుదల, సాయంత్రం సామాను శుభ్రం చేసే ముప్పావు గంట కూలీ, ఇవన్నీ పనిలో భాగమే. ఈసారి అపార్ట్‌మెంట్ కమిటీకి గానీ, తోట యజమానికి గానీ కొటేషన్ రాసేటప్పుడు ‘సామాను, భద్రత’ అని ఒక పంక్తి వేసి దాని ఎదుట రేటు రాయండి. ఎందుకని అడిగితే మీ తాడు, బెల్టు తీసి చూపించండి. తక్కువకు చేసేవాళ్లు ఉన్నారంటే వాళ్ల తాడు కూడా చూడమని చెప్పండి.